ఏ రంగుకీ చెందని రికార్డు

గూల్వెన్ దగ్గర మూడు రంగుల టేపులుండేవి. టెక్నో పాటల్లో పసుపు అంటించిన రికార్డు ట్రైబ్ రకం. నీలం అంటిస్తే మెంటల్. ఎరుపు అంటిస్తే హార్డ్‌కోర్. ఈ మూడింట్లో ఎక్కడా ఇమడని పాట భూమ్మీద ఉండదని అతని నమ్మకం. ఒకవేళ ఉన్నా అది పాట కాదు. బీడులో రాత్రంతా ఆడడానికి స్పీకర్ల గోడ లేపిన ప్రతిసారీ ఎవరు ఎప్పుడు వాయించాలో ఆ రంగుల్ని బట్టే అట్టముక్క మీద రాసేవాడు. సాయంత్రం పసుపు, చీకటి పడ్డాక ఎరుపు, తెల్లారే వేళకు నీలం, ఎండెక్కాక మళ్ళీ పసుపు. టేపు దక్కని వాళ్ళకు వంతు దక్కదు. పదకొండేళ్ళుగా గుంపులో ఇదే పద్ధతి. దీన్ని ఎవరూ ఓటేసి ఒప్పుకోలేదు, ఎవరూ కాదనీ అనలేదు.

ఆ గోడలో ఇరవైనాలుగు స్పీకరు పెట్టెలున్నాయి. అందులో పద్దెనిమిదింటికి ప్లైవుడ్ కోసిందీ, అంచులు రుద్దిందీ, తీగలకు టంకం వేసిందీ కతెల్. వారమంతా రొస్త్రెనెన్ ఊరి చుట్టుపక్కల డెయిరీల్లో పాలు పితికే మిషన్లు బాగుచేసేది. శనివారమొస్తే ఆ పనిముట్ల సంచితోనే గోడ దగ్గరికి వచ్చేది. ఇన్నేళ్ళలో ఆ గోడ మీద ఒక్క పాటా వాయించలేదు. ఎప్పుడూ అడగలేదు కూడా. ఈ మే నెలలో మొదటిసారి అడిగింది. లోరియాన్ ఊరి నుంచి వచ్చి వాయించే కుర్రాడు చెయ్యి విరగ్గొట్టుకోవడంతో ఆదివారం పొద్దున ఎనిమిది గంటల వంతు ఖాళీ అయింది. జనం సగం నిద్రలోనూ, మిగతా సగం మత్తులోనూ ఉండే వేళ. ఎవరూ కోరుకోని ఆ వంతునే కతెల్ కోరుకుంది. తను చేసిన పాట అచ్చేయించి, మచ్చుకి పంపిన మొదటి రికార్డుని ఒట్టి తెల్లకవర్లో పెట్టి బుధవారం గూల్వెన్ చేతికిచ్చింది. దాని మీద పేరు లేదు, అంకె లేదు.

"కారే ఊరెళ్ళి రెండు స్పీకరు కోన్లు తెస్తాను. రాగానే అందరం కలిసి విందాం," అంది.

తిరిగొచ్చేసరికి వినడం అయిపోయింది. వాళ్ళు సామాను పెట్టుకునే పాత పందుల షెడ్డులో నలుగురు మగాళ్ళు సీడర్ అనే ఆపిల్ కల్లు సీసా ముందేసుకుని, పెళ్ళికూతుర్ని చూసొచ్చి వద్దనుకున్న పెద్దమనుషుల్లా కూర్చుని ఉన్నారు.

"నేను లేకుండానే విన్నారా?" అంది కతెల్, కోన్ల పెట్టె కిందపెడుతూ.

"నువ్వుంటే మొహమాటం కదా," అన్నాడు గూల్వెన్. "చూడు కతెల్, చెత్తగా ఉందని అనను. శుభ్రంగా చేశావ్. కానీ మరీ నెమ్మది."

"నెమ్మదా?"

"హాయిగా నిద్ర పడుతుంది," అన్నాడు పక్కనున్నవాడు. మిగతావాళ్ళు నవ్వారు.

"డబ్ అందామంటే డబ్ కాదు," గూల్వెన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగాడు. "మెంటల్ అందామంటే దానికి పిచ్చి సరిపోలేదు. ట్రైబ్ మాట అసలు ఎత్తకు. నాకు తోచింది చెప్పనా? ట్రాన్స్‌కి దగ్గరగా ఉంది."

ఆ షెడ్డులో ఒకరి పాటను ట్రాన్స్ అనడమంటే వాళ్ళ వంశాన్నంతా కలిపి తిట్టినట్టే. లారీ సొంతదారూ, పేరుకి గుంపు పెద్దా అయిన తుగ్దువాల్ గతుక్కుమన్నాడు.

"ఒరేయ్, అంత మాట ఎందుకురా," అని గొణిగాడు. మంచివాడే. మాట మీద నిలబడాల్సి వచ్చినప్పుడు మాత్రం బూట్ల వంక చూసుకునే మంచివాడు.

నెమ్మది అన్న మాటను కతెల్ వెటకారమనుకుంది. నిమిషానికి నూట అరవైఅయిదు దెబ్బలు పడే దరువు అది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా, ఈ ఎగతాళెందుకు?

"మరి ఆదివారం వంతు?"

"నేనే చూసుకుంటాలే," అన్నాడు గూల్వెన్, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా. "రంగులేని రికార్డుని ఏ వేళ పెట్టమంటావ్? నీ మీద కోపం కాదు. పద్ధతి పద్ధతే కదా."

కతెల్ కోన్ల దగ్గర కూర్చుంది. పెట్టె తెరిచి కొత్త కోన్లు తీసి, పాడైన వాటి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కోన్‌కి ఎనిమిది స్క్రూలు. పదహారు విప్పి మళ్ళీ పదహారు బిగించేదాకా తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు వీళ్ళకి కనబడతాయి. ఆ సంబరం కూడా వీళ్ళకెందుకు ఇవ్వాలి?

శుక్రవారం మధ్యాహ్నం లారీకి సామాను ఎక్కించే పని కతెల్‌దీ, స్వాజిగ్‌దీ. యాభైఎనిమిదేళ్ళ స్వాజిగ్ గుంపుకి లారీ తోలుతుంది, అట్లు పోస్తుంది, అవసరమైతే జాందార్మ్ పోలీసుల ముందు నిలబడి వాళ్ళమ్మల పేర్లడిగి మరీ సిగ్గుపరుస్తుంది. ఆమె తీగల చుట్టల్ని లారీలోకి విసురుతుంటే కతెల్ టర్న్‌టేబుల్ సర్దడానికి వెళ్ళింది.

తన రికార్డు ఇంకా దాని మీదే ఉంది. బుధవారం విన్నవాళ్ళు కవర్లో పెట్టే శ్రద్ధ కూడా చూపలేదు. పైన సన్నగా దుమ్ము పేరుకుంది. కతెల్ చొక్కా అంచుతో తుడిచింది. ఎందుకో మరి, మీట నొక్కి సూది దించింది.

వచ్చిన చప్పుడు ఆమెకి తెలిసినది కాదు. బరువుగా, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఆమె వంగి వేగం మీట చూసింది. నిమిషానికి ముప్పైమూడు చుట్ల మీద ఉంది. ఆ రికార్డు తిరగాల్సింది నలభైఅయిదు మీద.

"స్వాజిగ్!" అని అరిచింది. "తప్పు వేగం మీద విన్నారు! ఈ మొద్దులు నా పాటను ముప్పైమూడు మీద పెట్టి విన్నారు!"

స్వాజిగ్ చేతిలో తీగ వదిలేసి వచ్చింది. సంగతి అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక నడుం పట్టుకుంది.

"పదకొండేళ్ళ పండితుడికి మీట ఎటుందో చూసుకోవడం తెలీదా? పద పిల్లా. చొక్కా పట్టుకుని అడుగుదాం. తుగ్దువాల్ ముందే అడుగుదాం."

కతెల్ కదల్లేదు. "ఉండు."

"ఏం ఉండు? కడుపు మండటం లేదూ?"

"మండుతోంది. ఒక్క నిమిషం ఉండు. విననీ."

రికార్డు ఇంకా తిరుగుతోంది. ఆ దరువు వెనక చుక్, చుక్ అని ఒక చప్పుడుంది. పాలు పితికే మిషన్ పంపు ఊపిరి తీసి వదిలే చప్పుడు. ఫాంచ్ అనే ముసలి రైతు కొట్టంలో పొద్దున్నే పనికెళ్ళినప్పుడు చిన్న మైకుతో పట్టుకుంది దాన్ని. ఆ పంపు నిమిషానికి అరవైసార్లు కొట్టుకుంటుంది. ఆవులకి అదే అలవాటు, అదే హాయి. దాన్ని ముక్కలు కోసి, పరుగెత్తించి, నూట అరవైఅయిదు దెబ్బల దరువు కింద ఇరికించడానికి కతెల్‌కి మూడు వారాలు పట్టింది. ఎందుకు పరుగెత్తించింది? ట్రైబ్ అలాగే ఉంటుంది కాబట్టి. ఇప్పుడు తప్పు వేగం మీద ఆ పంపు మళ్ళీ కొట్టంలో కొట్టుకున్నట్టే తీరిగ్గా కొట్టుకుంటోంది. చుట్టూ ఆవుల వెచ్చదనం కూడా ఉన్నట్టుంది.

కతెల్ చెక్కపెట్టె మీద కూలబడింది. గూల్వెన్ మీద కోపం పోలేదు, కానీ దాని పక్కనే ఇంకో కోపం వచ్చి కూర్చుంది. అది తన మీద. ఎవరూ అడగకుండానే, ఎవరూ చూడకుండానే, తన గదిలో తనొక్కతే కూర్చుని గూల్వెన్ పసుపు టేపుకి సరిపోయేలా తన పాటను కత్తిరించుకుంది. ఇంతకంటే సిగ్గేముంటుంది?

"బాగుంది కదూ?" అంది నెమ్మదిగా.

స్వాజిగ్ తల ఒకవైపు వాల్చి వింది. "నాకు ఈ రంగులూ గింగులూ తెలీవు. మోకాళ్ళ నొప్పున్నా అడుగేయాలనిపిస్తోంది. మరి వాడికి చెప్దామా, వద్దా?"

"వద్దు. చెబితే జాలిపడి మళ్ళీ వింటాడు. ఏ టేపు అతుకుతుందా అని మళ్ళీ వేళ్ళు మడుస్తాడు. నాకది వద్దు."

"మరేం కావాలి నీకు?"

"గోడ కావాలి," అంది కతెల్. రికార్డుని కవర్లో పెట్టి పనిముట్ల సంచిలో దోపుకుంది.

శనివారం ఫాంచ్ బీడులో రెండు గోడలు లేచాయి. ఒకటి వీళ్ళది, దానికి ఎదురుగా మూడొందల అడుగుల దూరంలో నాంత్ నగరం నుంచి వచ్చిన గుంపుది. ఆ బీడు ఇప్పించిందీ కతెలే. ఫాంచ్ ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. "పాల మిషన్ల పిల్ల అడిగింది కాబట్టి ఇస్తున్నా. సోమవారానికల్లా ఒక్క సీసా మూత కనబడకూడదు" అన్నాడు. ఈ సంగతి గుంపులో అందరికీ తెలుసు. తెలిసినా గూల్వెన్ రాసిన అట్టముక్క మీద ఆమె పేరు లేదు.

మధ్యాహ్నం స్వాజిగ్ పెనం దగ్గర రెండు గుంపులూ కలిశాయి. నల్లగోధుమ అట్టులో సాసేజీ చుట్టుకుని తింటూ యథాప్రకారం కొట్లాటకి దిగారు. నాంత్ గుంపు పెద్ద అర్మెల్ ఆరడుగుల మనిషి. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు.

"మీరు ట్రైబ్ అనేది మా వైపు పెద్దమ్మలు వింటారు," అంది.

"మీరు మెంటల్ అనేదానికి ఆస్పత్రిలో మందులుంటాయి," అన్నాడు గూల్వెన్.

"దరువు గుండ్రంగా ఉంటే ట్రైబ్, కోసుగా ఉంటే మెంటల్. ఇంతేగా?" అన్నాడు నాంత్ కుర్రాడొకడు.

"కోసుగా ఏంట్రా? ఏమన్నా కొయ్య చెక్కుతున్నావా? అసలు కోసుకి నిర్వచనం చెప్పు!"

గంటన్నర గడిచింది. అట్లు అయిపోయాయి, నిర్వచనం తేలలేదు. గోడ వెనక తీగలు తగిలిస్తున్న కతెల్ నీళ్ళకోసం అటు వచ్చింది.

"నువ్వు చెప్పు. తేడా ఏంటంటావ్?" అని అడిగింది అర్మెల్.

"ఆమె స్క్రూల మనిషి," అన్నాడు గూల్వెన్ నవ్వుతూ. నిజానికి అతను ముద్దుగానే అన్నాడు. ఆ ముద్దే కతెల్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

"పనుంది," అని నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఎండ బీడు మీద పరుచుకుంటూ ఉండగా గూల్వెన్ తన పసుపు రికార్డులతో గోడ వెనక చేరాడు. ఈ గుంపుల్లో వాయించేవాళ్ళు గోడ వెనకే ఉంటారు. ముందున్న జనానికి వాళ్ళ మొహం కనబడదు, పేరు తెలీదు. జనం గోడకేసి చూస్తూ ఆడతారు, అంతే. అందుకే గోడ వెనకున్నవాడికి ముందేం జరుగుతోందో తెలియడానికి కొంచెం సమయం పడుతుంది. గూల్వెన్‌కి గంట పట్టింది. రెండొందలమందితో మొదలైన గుంపు నూరయింది, నలభై అయింది, ఆఖరికి తొమ్మిదిమంది మిగిలారు. ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు నిద్రపోతున్నారు. మిగతావాళ్ళంతా బీడు దాటి అర్మెల్ గోడ ముందుకు చేరారు.

పెట్టెల సందులోంచి చూసిన గూల్వెన్ మొహం మాడిపోయింది. కతెల్ కోసం కేకేశాడు.

"నీ పెట్టెలు పోయాయి కతెల్. పై వరుసలో ఏదో చచ్చింది. లేకపోతే ఇంత మంచి పాటకి జనం ఎందుకు పోతారు? వెనక్కెళ్ళి చూడు. నేను ముందు నిలబడి వింటాను, ఏది పలకట్లేదో చెప్తా."

నీ పెట్టెలు. ఇన్నేళ్ళూ మన గోడ అయినది, జనం పోగానే నీ పెట్టెలు అయింది. కతెల్ సంచి తీసుకుని వెనక్కి వెళ్ళింది. గూల్వెన్ ముందుకెళ్ళాడు.

ఆమె పని పనిలాగే చేసింది. ఒక్కో పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది. ఒక్కో తీగ కదిపి చూసింది. ఆంప్లిఫయర్ల దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఇరవైనాలుగు పెట్టెలూ నిక్షేపంలా ఉన్నాయి. గోడకేం కాలేదు. ఆ మాట గూల్వెన్‌కి చెప్పడానికి తిరిగింది కూడా. అప్పుడు తిరుగుతున్న రికార్డు చివరి గీతల్లో ఉంది. పక్కనున్న రెండో టర్న్‌టేబుల్ ఖాళీగా ఉంది.

కతెల్ సంచిలోంచి తెల్లకవరు తీసింది. మీట నలభైఅయిదు మీద ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రికార్డు అంచుని వేలితో ఆపి, దరువు మీద దరువు పడేదాకా వదలకుండా పట్టుకుని, వదిలింది.

మొదటి నిమిషం ఆమె సూది మీంచి కళ్ళు తీయలేదు. తర్వాత పెట్టెల సందులోంచి చూసింది. నిద్రపోతున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు. బీడు మధ్యలో సిగరెట్లు కాలుస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు. నలుగురు, ఆ తర్వాత పదిమంది, ఆ తర్వాత ఇక లెక్క అందలేదు. గూల్వెన్ రెండు చేతులూ గాల్లోకెత్తి ఏదో అరుస్తున్నాడు.

స్వాజిగ్ కాఫీ గ్లాసుతో వెనక్కొచ్చింది. నవ్వుతో ఆమె కాఫీ సగం ఒలికిపోయింది.

"వాడేమంటున్నాడో తెలుసా? పెట్టె బాగుపడిందట. ఇదీ అసలైన ట్రైబట. వాయించేది లోరియాన్ కుర్రాడనుకుంటున్నాడు, విరిగిన చేత్తోనే వచ్చేశాడనీ, వీరుడనీ తుగ్దువాల్‌తో చెప్తున్నాడు. నాంత్ కుర్రాడేమో కాదు, మెంటల్ అంటున్నాడు. ఇద్దరూ పాట వింటం మానేసి పోట్లాడుకుంటున్నారు."

కతెల్‌కి కూడా నవ్వొచ్చింది. కడుపారా నవ్వింది. ఇక్కడితో ఆపి, ముందుకెళ్ళి, ఇది నా పాటేరా అంటే చాలు. గూల్వెన్ నోరు మూతపడుతుంది, పసుపు టేపు దక్కుతుంది, వచ్చే నెల నుంచి అట్టముక్క మీద పేరుంటుంది. పదకొండేళ్ళుగా కోరుకున్నది అదే.

కానీ శుక్రవారం విన్న ఆ తీరికైన ఊపిరి ఆమె చెవిలోనే ఉండిపోయింది. తనకు కావాల్సింది టేపు కాదని ఆమెకి అప్పుడు ఖాయంగా తెలిసింది. వేలు చాపి ముప్పైమూడు మీట నొక్కింది.

చప్పుడంతా కిందికి జారింది. పరుగెత్తే బండిని పల్లంలో వదిలినట్టు దరువు జారి జారి ఎక్కడో నేల అడుగున ఆగి, అక్కడి నుంచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ పెట్టెల్ని కతెల్ అంత లోతు పలకాలనే కోసింది. ఇన్నేళ్ళలో ఏ రికార్డూ వాటిని అంత లోతు అడగలేదు. ఆమె బూట్ల కింద గడ్డి వణికింది. స్వాజిగ్ చేతిలో గ్లాసు వణికింది. బయట జనం ఒక్క క్షణం కాలు ఎటెయ్యాలో తెలియక నిలబడిపోయారు. తర్వాత రెండొందలమంది గొంతులు కలిసి ఒక్క అరుపు లేచింది. జనం మళ్ళీ ఆడారు, ఈసారి గెంతకుండా, నేలని తొక్కుతూ, నడుముతో.

ట్రాక్టర్ మీద వచ్చిన ముసలి ఫాంచ్ గట్టు దగ్గరే ఆపాడు. పాలు పితకడం అయిపోయి, బీడు ఏమైందో చూద్దామని వచ్చినవాడు. పోట్లాటకొచ్చాడనుకుని తుగ్దువాల్ పరుగున ఎదురెళ్ళాడు. ఫాంచ్ చెయ్యెత్తి అతన్ని ఆగమన్నాడు.

"ఉండవయ్యా. అది మా కొట్టంలో పంపు కదూ?"

"పంపా?"

"ఇరవైఏళ్ళుగా రోజుకి రెండుసార్లు వింటున్నా. నాకు తెలీదూ? ఆ పాల మిషన్ల పిల్లే వాయిస్తోంది ఇది." ఇంజన్ ఆపేసి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, సీట్లో వెనక్కి వాలాడు.

ఆ మాట తుగ్దువాల్ నోటి నుంచి గూల్వెన్ చెవిన పడడానికి అరనిమిషం కూడా పట్టలేదు. గాల్లో ఉన్న అతని చేతులు మెల్లగా కిందికి దిగాయి. మనిషి మొండివాడే కానీ చెవిటివాడు కాదు. బుధవారం నిద్రొస్తుందని పక్కన పడేసిన రికార్డు ఇదేనని గుర్తుపట్టాడు. కాసేపటి క్రితం ఇదే ట్రైబని తను గొంతు చించుకున్నదీ ఈ రికార్డుకేనని మరుక్షణంలో గుర్తుపట్టాడు. మొహం ఎర్రగా కందిపోయింది. అక్కడినుంచి పారిపోతాడేమో అనుకుంది సందులోంచి చూస్తున్న కతెల్. పారిపోలేదు. తర్వాత అందరి మధ్యకీ వెళ్ళి, కళ్ళు మూసుకుని, అందరితోపాటు నేలని తొక్కడం మొదలుపెట్టాడు.

అప్పుడే బీడులో ఏదో మారింది. కతెల్‌కి మొదట అర్థం కాలేదు. హెడ్‌ఫోన్ తీసి చూస్తే, తన పాట వెనక నిన్నటి నుంచి మోగుతున్న రెండో మోత లేదు. నాంత్ వాళ్ళ జెనరేటర్ ఆగిపోయింది. పాడైపోయి ఆగలేదు. ఆపారు. ఒక గోడ ఇంకో గోడ కోసం జెనరేటర్ ఆపడం గురించి ఆమె కథలుగా వింది గానీ, కంటితో చూసిన మనిషిని ఇంతవరకూ ఎరగదు. అర్మెల్ ముందు నడుస్తుంటే నాంత్ జనమంతా బీడు దాటి ఇటే వస్తున్నారు. కుర్చీలు మోసుకుని కొందరు, కుక్కల్ని పట్టుకుని కొందరు. ముక్కు మీదికి కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా కతెల్‌కి తోచలేదు. ఇంత సంతోషం ఆమె ఒంటికి కొత్త.

అర్మెల్ వచ్చి గూల్వెన్ భుజం తట్టింది. ఆ గొంతు గోడ వెనక్కి కూడా స్పష్టంగా వినబడింది.

"ఏంటయ్యా ఇది? ఏమంటారు దీన్ని?"

చుట్టూ ఉన్నవాళ్ళు గూల్వెన్ వంక చూశారు. తుగ్దువాల్ అలవాటుగా బూట్ల వంక చూసుకోబోయి, ఆగి, తలెత్తి చూశాడు. గూల్వెన్ నోరు తెరిచాడు. ఆ మనిషి నోట పదకొండేళ్ళలో ఎవరూ వినని మాట వచ్చింది.

"తెలీదు."

"ఇంకా ఎంతసేపుంది మరి? మావాళ్ళు అడుగుతున్నారు."

"వాయించేది నేను కాదు," అన్నాడు గూల్వెన్. "ఈ గోడ కట్టిందీ నేను కాదు. వెనక్కెళ్ళి ఆవిడనే అడుగు."

అర్మెల్ పెట్టెల పక్కనుంచి తల వంచి వెనక్కొచ్చింది. కతెల్ చేతివేళ్ళ మీద టంకం మచ్చల్ని చూసింది, తెల్లకవర్ని చూసింది, ముప్పైమూడు మీదున్న మీటని చూసింది.

"ఇంకా ఎంతసేపు వాయిస్తావ్?"

"ఇప్పుడే కదా మొదలుపెట్టింది," అంది కతెల్. ఆ రికార్డు రెండో వైపు ముప్పైమూడు మీద ఎలా ఉంటుందో ఆమె కూడా ఇంతవరకూ వినలేదు. తిప్పి పెట్టింది.